మా గోపాలపూర్ నీళ్లు

మా నాయనమ్మ సముద్రాన్ని రుచి చూసేది.

కార్తీక పున్నమి నాడు గోపాలపూర్ ఒడ్డున మూడు మునకలు వేసి, తల మీంచి నీళ్లు కారుతుండగానే కుడిచేతి వేలు నీళ్లలో ముంచి నాలుక మీద పెట్టుకునేది. పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూస్తున్నట్టు కళ్లు మూసుకుని రెండుసార్లు చప్పరించి, "ఈయేడు ఉప్పు తక్కువే" అనేది. మరుసటి ఏడూ అదే మాట. ఆ పై ఏడూ అదే.

"సముద్రంలో ఉప్పు తగ్గడమేమిటే అమ్మా, ఎవరన్నా మంచినీళ్లు కలిపారా?" అని నాన్న నవ్వేవాడు. ఆవిడ పట్టించుకునేది కాదు. నలభై ఏళ్లుగా పదిమందికి వండి పెడుతున్న మనిషి. ఉప్పు సంగతి ఒకరు తనకి చెప్పాలా?

మాది బరంపురం. ఒడిశాలో, ఆంధ్రాని ఆనుకుని ఉన్న గంజాం జిల్లా. గోపాలపూర్ మా ఊరికి 16 కిలోమీటర్లు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. నాయనమ్మ ఈ చరిత్రంతా ఒక్క ముక్కలో తేల్చేసేది: "నేను పుట్టింది మద్రాసులో, కాపురానికొచ్చింది ఒరిస్సాలో. పుట్టిల్లు ఆ సందు చివర, మెట్టిల్లు ఈ సందు మొదట్లో."

ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, బజార్లో ఎదుటివాడు ఏది మొదలెడితే అది. మా నాన్న పెద్దబజారులో ఒక పట్టుబట్టల దుకాణంలో గుమాస్తా. లెక్కలు ఒడియాలో కూడుకునేవాడు, లెక్క తప్పితే తెలుగులో తిట్టుకునేవాడు. తాతయ్యకి మగ్గం ఉండేదట. నాకు తెలిసేసరికి మగ్గం పోయింది, దాని గుంట మాత్రం మిగిలింది. దాని మీద చెక్కలు పరిచి బియ్యం బస్తాలు పెట్టేవాళ్లం. నాయనమ్మ మాత్రం పక్కింటివాళ్ల మగ్గానికి కండెలు చుడుతూనే ఉండేది. పట్టు పోగు జారిందా, నలిగిందా అన్నది కళ్లతో చూడక్కర్లేదు, వేళ్లకే తెలిసిపోతుంది ఆవిడకి. నాలుక కూడా అలాంటిదే అయ్యుంటుంది, కానీ ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తట్టలేదు.

కార్తీక పున్నమి ప్రయాణం ముందురోజు రాత్రే మొదలయ్యేది. వీధిలో నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒక ట్రెక్కర్ మాట్లాడుకునేవాళ్లు. ఈ ట్రెక్కర్ అన్న బండిని చూడనివాళ్లకి దాని గురించి చెప్పడం కష్టం. జీపుకి పెద్దన్నయ్య అనుకోండి. పదిమంది పట్టేచోట పద్దెనిమిదిమంది ఎక్కేవాళ్లం, పిల్లలు లెక్కలోకి రారు. రాత్రి మూడింటికి నాయనమ్మ లేపేది. కళ్లు తెరవకుండానే స్వెట్టరు తొడిగించుకుని, ఎవరి ఒళ్లో కూర్చున్నానో తెలియకుండానే గోపాలపూర్ చేరిపోయేవాణ్ణి.

బండి దిగగానే మొదట తెలిసేది ఇసక చలి. రాత్రంతా మంచు పడి పైపొర గట్టిపడి ఉండేది. పాదం మోపితే పెచ్చు విరిగినట్టు విరిగి, దాని కింద పొడి ఇసక ఇంకా చల్లగా తగిలేది. పడమటికి వాలిన పున్నమి వెన్నెల్లో సముద్రం లీలగా కనపడేది, చప్పుడు మాత్రం గుండెల్లో వినపడేది. లైట్‌హౌస్ వెలుగు ఒకసారి తిరిగి వెళ్లినప్పుడల్లా కెరటాల తెల్లటి అంచులూ, వాటి ముందు బారులు తీరిన మనుషుల తలలూ స్పష్టంగా కనపడి మళ్లీ మసకబారేవి.

ఒడియావాళ్లు అరటిదొప్పలతో, కాగితాలతో, శోలా బెండుతో చేసిన చిన్న చిన్న పడవలు తెచ్చేవాళ్లు. వాటిలో తమలపాకు, వక్క, ఒక దీపం. పూర్వం వ్యాపారానికి జావా, బాలి దాకా ఓడల మీద వెళ్లిన సాధవుల గుర్తుగా ఆ పడవలు వదులుతారు. దాన్ని బొయిత బందాణ అంటారు. మేము అరటిదొన్నెలో ఒత్తి వేసి కార్తీక దీపం వదిలేవాళ్లం. నీళ్లలో పడ్డాక ఏది ఎవరిదో ఎవరికి తెలుసు? చెరువులో అయితే దీపాలు ముందుకి సాగుతాయి. సముద్రంలో అలా కుదరదు. కెరటం అందరి పడవల్నీ, అందరి దీపాల్నీ ఒకేసారి మన కాళ్ల మీదికే తెచ్చి పడేస్తుంది. నా చిన్నప్పటి పున్నమి అంటే కాలి వేళ్ల మధ్య ఇరుక్కున్న ఎవరిదో తడి వక్క.

మమ్మల్ని నీళ్లలోకి దింపేది టోపీ తాత. అసలు పేరు మేమెప్పుడూ అడగలేదు. గోపాలపూర్‌లో, పూరీలో సముద్రస్నానాలు చేయించే బెస్తవాళ్లని ఒడియావాళ్లు నోలియాలంటారు. వాళ్లు మాట్లాడేది తెలుగే. తమని వాడబలిజలమని చెప్పుకుంటారు. కోసుగా అల్లిన టోపీ పెట్టుకుని, బెంగాలీ యాత్రికుల్ని చెయ్యి పట్టుకుని కెరటాల్లోకి తీసుకెళ్లడం వాళ్లకి చలికాలపు పని. మిగతా కాలమంతా తెప్ప, వల. టోపీ తాతకి మా నాయనమ్మంటే ప్రత్యేకమైన గౌరవం, ఎందుకంటే ఆవిడ బేరం ఆడదు. బెంగాలీ బాబులు పావలా దగ్గర కూడా పేచీ పెడతారని ఆయన బాధ.

"అమ్మా, నా సెయ్యి ఒగ్గీకండి. వంగండి, వంగండి... ఇప్పుడు!"

ఆ "ఇప్పుడు" అన్నమాట ఎప్పుడు అనాలో తెలియడమే ఆయన విద్య. ఒక్క లిప్త ముందు అంటే కెరటం ముఖాన కొడుతుంది, ఒక్క లిప్త ఆలస్యమైతే కాళ్లు తేలిపోతాయి. నాయనమ్మ ఎముకల గూడులాంటి మనిషి, అయినా ఒక్కసారి కూడా పడిపోలేదు.

అక్కడే నాకు మొదటి ఆశ్చర్యం. ఒడ్డున పళ్లు టకటకలాడుతున్నాయి, నీళ్లలోకి దిగితే వెచ్చగా ఉంది! గోరువెచ్చ కాదు గానీ దుప్పట్లోకి దూరినట్టు ఉండేది. మెడదాకా నీళ్లలో కూర్చుంటే హాయి, లేచి నిలబడితే వణుకు. "రారా, జలుబు చేస్తుంది" అని అమ్మ ఒడ్డు నుంచి కేకలేసేది. నేను జలుబు చేయకూడదనే నీళ్లలోంచి లేవడం లేదని ఆవిడకెలా చెప్పను? జనవరిలో మా వైపు తెల్లవారుజామున పదహారు డిగ్రీలకి దిగినా సముద్రం నీళ్లు పాతిక దగ్గరే ఉంటాయని తర్వాత తెలిసింది. చలి ఎప్పుడూ ఒడ్డునే ఉండేది, నీళ్లలో కాదు.

స్నానం అయ్యాక తడిబట్టలు మార్చుకుని, తెల్లారే వెలుగులో ఇడ్లీ, ఘుగుని. బరంపురంలో ఇడ్లీకి సాంబారుతో పాటు బఠాణీల ఘుగుని పోసి ఇస్తారు. ఈ సంగతి హైదరాబాదులో చెబితే నన్ను జాలిగా చూశారు. చూడనీండి. నాయనమ్మ ఉపవాసం కాబట్టి ఆవిడ వాటా కూడా నాకే.

ఇక ఆ మర్నాడు మా వీధిలో పెద్ద చిక్కు వచ్చేది. ఒడియావాళ్ల కార్తీకం పున్నమితో అయిపోతుంది. నెలంతా, లేకపోతే కనీసం ఆఖరి అయిదు రోజుల పంచుకలో నీసు ముట్టనివాళ్లు పున్నమి వెళ్లిన మర్నాడు ఛాడఖాయి అని మాంసం మీద పడతారు. తెల్లారకముందే మాంసం కొట్ల ముందు వరసలు. మన కార్తీకమేమో అమావాస్య దాకా సాగుతుంది. వీధి వీధంతా మసాలా ఘుమఘుమ, మా ఇంట్లో మాత్రం బీరకాయ కూర. పక్కింటి మావుసీకి (ఒడియాలో పిన్ని అని) మా బాధ తెలుసు. "మా అట్లపెనం కనపడటం లేదు, వెతకడానికి పిల్లాణ్ణి ఓసారి పంపు" అని మా అమ్మతో అబద్ధం చెప్పి నన్ను పిలిపించేది. నేను వెళ్లి తినొచ్చి, చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కుని, నాయనమ్మ పక్కన కూర్చునేవాణ్ణి. ఆవిడ ముక్కు కూడా నాలుకలాంటిదే. ఏమీ అనేది కాదు. "అట్లపెనం దొరికిందా?" అని మాత్రం అడిగేది.

గోపాలపూర్‌తో నాయనమ్మకి ఇంకో లంకె ఉంది. వాళ్ల చిన్నాన్న అక్కణ్ణించే రంగూన్ వెళ్లాడు. ఆ రోజుల్లో గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి బర్మా బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనికి వేలమంది వెళ్లేవాళ్లు. గోపాలపూర్‌లో ఓడ ఒడ్డుదాకా రాదు. దూరంగా లంగరు వేసుకుని ఉంటే, తాళ్లతో కుట్టిన మసూలా పడవల మీద మనుషుల్ని కెరటాలు దాటించి ఎక్కించేవాళ్లు. నాయనమ్మ అయిదారేళ్ల పిల్లగా వాళ్ల నాన్న భుజం మీద కూర్చుని అది చూసిందట. పడవ ఒక కెరటం మీద నిటారుగా లేచి, దాని వెనక్కి పడిపోయి కనపడకుండా పోయిందట. "మునిగిపోయాడనుకుని ఏడ్చాను. మునగలేదు, ఉత్తరాలు రాసేవాడు." 1942లో జపానువాళ్లు బర్మాలోకి వచ్చాక ఆ ఉత్తరాలు ఆగిపోయాయి. ఓడల రాకపోకలూ ఆగిపోయి రేవు పాడుబడింది. పాత జెట్టీ స్తంభాలు మాత్రం నా చిన్నప్పుడు ఇసకలో పళ్లూడిన చిగుళ్లలా ఉండేవి. నాయనమ్మ వాటివైపు ఒకసారి చూసి, కొంగు నడుముకి చుట్టుకుని, ట్రెక్కర్ ఎక్కేసేది. ఇంతకుమించి ఈ కథ ఆవిడెప్పుడూ చెప్పలేదు.

నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఏప్రిల్ నెలది.

1984లో నాకు పదమూడేళ్లు. ఏప్రిల్ వచ్చిందంటే మాకు ఉదయం బడి. పదకొండింటికల్లా ఇంట్లో పడి, తరవాణి అన్నంలో ఉల్లిపాయ నంజుకుని తిని, తలుపులన్నీ వేసుకుని పడుకోవాలి. ఎండకి వీధిలో కుక్క కూడా తిరగదు. ఆ ఆదివారం నేను, మా చిన్నాన్న కొడుకు, మావుసీ వాళ్లబ్బాయి ముగ్గురం రెండు సైకిళ్ల మీద గోపాలపూర్ బయల్దేరాం. ఇంట్లో చెప్పింది గ్రూప్ స్టడీ. ఆ మాట అప్పుడే కొత్తగా వచ్చింది, పెద్దవాళ్లకి దాని మీద ఇంకా నమ్మకం ఉండేది.

అంతకు ముందు నాలుగు రోజులుగా ఒకటే గాలి. నైరుతి మూల నుంచి ఆగకుండా వీచేది. డాబా మీద ఆరేసిన బట్టలు పక్క వీధిలో దొరికేవి. దారి పొడుగునా గాలి మా కుడిచెంప మీద కొడుతూనే ఉంది. మొగలిపొదలు, జీడిమామిడి తోటలు దాటి సరుగుడు చెట్ల దగ్గరికి వచ్చేసరికి చెట్లన్నీ ఒకవైపుకి ఒరిగి హోరు పెడుతున్నాయి. చొక్కాలు వీపుకి అంటుకుపోయాయి. మా అన్న, "ముందు నేను దూకుతా" అని పందెం కాశాడు. ముగ్గురం సైకిళ్లు ఇసకలో పడేసి, లాగులతోనే పరిగెత్తాం. ఇసక కాలుతోంది, పాదాలు నిలవడం లేదు.

నీళ్లు తగిలాయి.

ఎలా చెప్పను? ముందు చీలమండలు జివ్వుమన్నాయి. ఎండ దెబ్బకి అలా అనిపిస్తోందేమో అనుకున్నాను. రెండో కెరటం నడుముకి తగలగానే లోపలికి పీల్చిన ఊపిరి లోపలే ఆగిపోయింది, బయటికి రాలేదు. మా అన్న అప్పటికే తల ముంచి లేచి, నోరు తెరిచి చూస్తున్నాడు, మాట లేదు. మావుసీ వాళ్లబ్బాయి మాత్రం "బరఫ్! బరఫ్!" అని అరుస్తూ ఒడ్డుకి పరిగెత్తాడు. నడినెత్తిన ఏప్రిల్ ఎండ, మెడ కింద ఐసునీళ్లు. కార్తీకంలో మూడింటికి లేచి దిగిన నీళ్లు వెచ్చగా ఉండి, మిట్టమధ్యాహ్నం మాడు పగిలే ఎండలో దిగిన నీళ్లు ఇలా ఉండటమేమిటి? నీళ్ల రంగు కూడా మామూలుగా లేదు, కాస్త పచ్చగా తిరిగి ఉంది.

నిజానికి ఐసేమీ కాదు. మామూలు కంటే కొన్ని డిగ్రీలు తగ్గి ఉంటుంది, అంతే. కానీ కాగిపోయిన ఒంటికి ఆ కొన్ని డిగ్రీలే చాలు. గాలి కంటే నీరు ఒంట్లో వేడిని పాతిక రెట్లు వేగంగా లాగేస్తుందని ఎక్కడో చదివాను. ఆ రోజు చదవకుండానే తెలిసింది.

మొదటి దెబ్బ తట్టుకున్నాక బాగుంది. చాలా బాగుంది. చర్మం మొద్దుబారి, లోపల ఎక్కడో చిన్న పొయ్యి రాజుకున్నట్టు అనిపించింది. ఈత నాకు వచ్చు అనుకునేవాణ్ణి. అమ్మమ్మగారి ఊళ్లో చెరువులో నేర్చుకున్న ఈత. చెరువు నిన్ను వదిలేస్తుంది, ఈదితే ఈదు, మానితే మాను. సముద్రం అలా కాదు. నేను కెరటాలు తక్కువగా ఉన్న చోటు చూసుకుని, అక్కడైతే తేలిక కదా అని అటు ఈదాను. తెలివైనవాణ్ణని కూడా అనుకున్నాను.

వెనక్కి తిరిగి చూస్తే సైకిళ్లు అగ్గిపెట్టెలంత ఉన్నాయి.

ఒడ్డువైపు ఈదడం మొదలుపెట్టాను. ఇరవై బారలు వేశాను, ముప్పై వేశాను. లైట్‌హౌస్ దగ్గరవడం లేదు. అప్పుడు కుడికాలి పిక్క పట్టేసింది. రాయిలా గట్టిపడిపోయింది, దాన్ని పట్టుకుంటే చెయ్యి ఆడదు, చెయ్యి ఆడిస్తే కాలు మునుగుతుంది. నోట్లోకి నీళ్లు పోయాయి. ఉప్పు. కటిక ఉప్పు. అంత టెన్షన్‌లో కూడా నాకు నాయనమ్మ గుర్తొచ్చింది. ఇప్పుడు రుచి చూస్తే ఏమనేదో.

టోపీ తాత ఎప్పుడు వచ్చాడో చూడలేదు. మెడ వెనక ఒక చెయ్యి పడింది. ముందు ఆ టోపీ లేని బట్టతలను చూసి ఎవరో అనుకున్నాను. ఆయన నన్ను ఒడ్డువైపు లాగలేదు. పక్కకి, ఉత్తరంవైపు, ఒడ్డుకి సమంగా తీసుకెళ్లాడు. నేను ఒడ్డు చూపిస్తూ కొట్టుకుంటున్నాను, ఆయన వినడే! కాసేపటికి కెరటాలు పెద్దగా విరుగుతున్న చోటికి వచ్చాం. అక్కడ వదిలేశాడు. ఒక కెరటం, రెండో కెరటం, మూడోది నన్ను గోనెసంచిని విసిరినట్టు ఒడ్డున పడేసింది.

ఇసకలో బోర్లా పడుకుని వణికాను. ఏప్రిల్ నెల, ఒంటిగంట ఎండ, పళ్లు కొట్టుకుంటున్నాయి. తాత ఇద్దరు కుర్రాళ్లని పిలిచి నా మీద కాలే ఇసక పోయించాడు, మెడదాకా. నా ముఖానికి జానెడు దూరంలో ఇసక. అంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. తెల్లది కాదది. నల్లటి రేణువుల చార, దాని పక్కన వంగపండు రంగుకి దగ్గరగా ఎర్రటి చార, మళ్లీ తెలుపు, ఎవరో సన్నటి అంచు నేసినట్టు. ఆ నలుపు ఇల్మనైట్ అనీ, ఎరుపు గార్నెట్ అనీ, ఛత్రపూర్ దగ్గర ఆ ఇసక కోసమే ఫ్యాక్టరీ పెట్టారనీ తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం అది నేను బతికున్నానని చెప్పిన ఇసక.

"ఏటి బాబూ, కెరటం లేని కాడ ఈదీవు?" అన్నాడు తాత, బీడీ ముట్టించుకుంటూ. "కెరటం లేదంటే ఏటని? వొచ్చిన నీరంతా అక్కడి నించే ఎనక్కెల్తాదని. దాంతోటి పోటీ పడకూడదు. నీరు లాగితే పక్కకెల్లిపోవాల. కెరటం ఇరిగే కాడికెల్తే అదే నిన్ను తెచ్చి వొడ్డున పడేత్తాది."

"ఇంత చలిగా ఎందుకుంది తాతా?"

"గాలి సూసినావా నాలుగు రోజుల నించీ? ఈ గాలి పైనీరు తోసీస్తది. అడుగునీరు పైకొచ్చీసింది. ఇదిప్పుడు అడుగు సముద్రం." ఆయన ఉమ్మేసి మళ్లీ అన్నాడు, "సేపలు బాగా పడతాయిలే."

ఇంటికెళ్లాక ఎవరికీ ఏమీ చెప్పలేదు. అయినా ఆ రాత్రి నా పక్క దులుపుతూ అమ్మ నల్ల ఇసక చేతిలోకి తీసుకుని దీపం దగ్గర చూసింది. గ్రూప్ స్టడీ అక్కడితో అయిపోయింది. సైకిల్‌కి నెలరోజులు తాళం.

2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అప్పటికి నేను హైదరాబాదులో, టీవీ ముందు. మర్నాడు ఫోన్లు లేవు, కరెంటు లేదు, మా వీధివాళ్లు ఎలా ఉన్నారో తెలియలేదు. లక్షలమందిని ముందే ఖాళీ చేయించారు కాబట్టి 1999 తుపాను నాటి ఘోరం జరగలేదు. మూడు నెలల తర్వాత వెళ్లి చూస్తే సరుగుడు తోట సగం నేలమట్టమై ఉంది. టోపీ తాత పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. ఆయన మనవడు గుజరాత్‌లో చేపల బోటు మీద పనికి వెళ్లాడట. ఒడ్డున టోపీలు పెద్దగా కనపడలేదు. నేను చీలమండల దాకా దిగి నిలబడ్డాను. జనవరి కదా, వెచ్చగానే ఉంది.

తాత చెప్పిన "అడుగునీరు" నాకు రెండోసారి ఎదురైంది విశాఖపట్నంలో, ఫైలిన్‌కి చాలా ఏళ్ల ముందు, తాత ఇంకా ఉన్నప్పుడే. ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదువుతుండగా నా రూమ్మేట్ సముద్రశాస్త్రం విద్యార్థి. ఒక మార్చి నెల సాయంత్రం లాసన్స్ బేలో కాళ్లు తడుపుకుంటుంటే మళ్లీ అదే జివ్వుమన్న చలి. నేను గోపాలపూర్ కథ మొదలుపెట్టాను, వాడు మధ్యలోనే అందుకున్నాడు. 1950లలో లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త వచ్చి, వాళ్ల డిపార్ట్‌మెంట్లోవాళ్లతో కలిసి ఈ తీరంలోనే దాన్ని కొలిచాడట. మన కోస్తా నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంటుంది. వేసవి గాలి సరిగ్గా దాని వెంబడే వీస్తుంది. భూమి తిరగడం వల్ల పైనీరు గాలి పోయేవైపు కాక దానికి కుడిపక్కకి, అంటే లోసముద్రంవైపు జరుగుతుంది. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లటి నీరు లేస్తుంది. దాంతో పాటు అడుగున ఉన్న పోషకాలూ వస్తాయి, వాటికోసం చేపలూ వస్తాయి. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి అంతా తిరగబడుతుంది, పైనీరు ఒడ్డుకే చేరి కిందికి దిగుతుంది.

"మా టోపీ తాత బీడీ సగం కాలేలోపు చెప్పాడు ఇదంతా" అన్నాను.

"భూమి తిరగడం చెప్పలేదుగా" అన్నాడు వాడు. ఒప్పుకోక తప్పలేదు.

మాటల్లో మాటగా నాయనమ్మ ఉప్పు సంగతి కూడా చెప్పాను, నవ్వుతాడని. వాడు నవ్వలేదు. "కరెక్టే కదా" అన్నాడు. వర్షాకాలంలో పొంగిన గంగ, బ్రహ్మపుత్ర, మహానదుల నీళ్లు బంగాళాఖాతంలో పైపైనే ఉండిపోయి, అక్టోబరు, నవంబరుల్లో తీరం వెంబడి దక్షిణానికి పారే ప్రవాహంతో పాటు మన ఒడ్డుకి దగ్గరగా కిందికి దిగుతాయట. అందుకని సరిగ్గా కార్తీకంలోనే మా వైపు సముద్రంలో ఉప్పు తగ్గుతుంది. ఏప్రిల్‌కి ఆ ప్రవాహం ఎదురు తిరిగి ఉత్తరానికి పారుతుంది, నీళ్లు మళ్లీ ఉప్పదేలుతాయి. నేను తాగిన కటిక ఉప్పు గుర్తొచ్చింది.

ఆ దసరాకి ఇంటికెళ్లి నాయనమ్మకి చెప్పాను. కండె చుడుతున్న చెయ్యి ఆగింది. శాస్త్రం అంతా వదిలేసి ఆవిడ ఒక్క మాటే పట్టుకుంది.

"అయితే నేను నాలిక మీద పెట్టుకున్నది గంగనీళ్లా?"

"ఒక్క గంగే కాదు నాయనమ్మా, అన్నీ కలిసి..."

"గంగ ఉందా లేదా?"

"ఉంది."

ఆవిడ కాశీ చూడలేదు. తాతయ్య తీసుకెళ్తానని చెప్పి చెప్పి పోయాడు. నాన్నకి సెలవు కుదిరితే డబ్బు కుదిరేది కాదు. ఆవిడ ఇంకేమీ అడగలేదు, లేచి వీధిలోకి వెళ్లింది. సాయంత్రానికల్లా మా వీధిలో ముసలమ్మలందరికీ తెలిసిపోయింది, మనవడు యూనివర్సిటీలో చదివి కనిపెట్టాడని. నేను కనిపెట్టలేదు మొర్రో అన్నా వినేవాళ్లు లేరు.

ఆ కార్తీక పున్నమికి ఒక ట్రెక్కర్ చాలలేదు, రెండు మాట్లాడారు. నేను సెలవు పెట్టి మరీ వచ్చాను. అదే వెన్నెల, అదే పెచ్చులు కట్టిన ఇసక. మునకలు అయ్యాక లైట్‌హౌస్ వెలుగు ఒక్కసారి తిరిగేసరికి చూశాను. మోకాళ్లలోతు నీళ్లలో పదిహేనుమంది ముసలమ్మలు వరసగా నిలబడి, వేళ్లు నాలుకల మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని చప్పరిస్తున్నారు. పడవలు వదలడానికి వచ్చిన ఒడియా ఆడవాళ్లు "కణ హేలా, కణ హేలా" అని, ఏమైంది ఏమైందంటూ ఒకరినొకరు అడుగుతున్నారు. వాళ్లలో ఒకావిడ, ఎందుకన్నా మంచిదని, తనూ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

టోపీ తాత నాయనమ్మ చెయ్యి పట్టుకుని అయోమయంగా చూశాడు.

"ఏటమ్మా, ఏటి సప్పరిస్తున్నారు అందరూ?"

"గంగ. నువ్వూ చూడు" అంది నాయనమ్మ.

జీవితమంతా ఆ నీళ్లలోనే బతికిన మనిషి, ఆవిడ మాట కొట్టేయలేక దోసిట్లో కాసిని నీళ్లు తీసుకుని పుక్కిలించి, ఉమ్మేశాడు.

"ఉప్పే గదమ్మా!"

"తక్కువే" అంది నాయనమ్మ.